సముద్రానికి వీపు తిప్పని అత్త

అత్త పోయిందన్న మాట నాకు మోకాలి లోతు నీళ్ళలో అందింది. ఆదివారం పొద్దున్న. వీపు మీద సిలిండరు, చేతిలో రబ్బరు రెక్కలు, ఒడ్డుకు నడిచి వస్తున్నాను. నా వెనకాలే నా స్నేహితుడు. పార్కు మెట్ల దగ్గర అత్త కొడుకు నిలబడి ఉన్నాడు. ఆ వేళప్పుడు వలల దగ్గర ఉండాల్సిన మనిషి.

"అమ్మ ఎల్లిపోనాది మాస్టారూ" అన్నాడు.

ఎక్కడికి అని అడగబోయి, అతని మొహం చూసి ఆగిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా బీచి పార్కు గోడ పక్కన ఎండుచేపలు అమ్మే మనిషి. అందరూ అత్తా అని పిలుస్తుంటే నేనూ అదే పిలుపు అందుకున్నాను. నేను అరసవల్లిలో ఉంటాను, హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. నలభై దాటాక విశాఖపట్నం వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. బ్యాంకులో పనిచేసే స్నేహితుడిని కూడా దింపాను. సముద్రం నిమ్మళంగా ఉండే నెలల్లో, ఆదివారాలు, పడవా గిడవా లేకుండా పార్కు మెట్లు దిగి నీళ్ళలోకి నడిచిపోతాం. కొంచెం దూరంలో నీళ్ళ అడుగున రాతిబండలున్నాయి, వాటి చుట్టూ చేపలు తిరుగుతుంటాయి. వాటిని చూసి వస్తాం. పట్టుకోని చేపల కోసం ఇంత దూరం ఎందుకని మా ఆవిడ అడుగుతుంది.

మీరెప్పుడైనా ఆ పార్కుకు వచ్చి ఉంటే అత్తను చూసే ఉంటారు. గంప పక్కన గొంతుక్కూర్చుని, మీరు ఎంత బేరమాడినా మీ మొహం చూడకుండా, చేత్తో తడిమి చేపలు తీసి ఇచ్చిన ఆవిడే. పొగరనుకుని ఉంటారు. పొందూరు నుంచి వచ్చిన ఒకాయనకు నా ముందే కోపం వచ్చింది. "మనిషితో మాటాడితే మొకం సూడవేటి?" అన్నాడు. "మొకం సూత్తే సేప మారిపోద్దేటి? తీసుకో" అంది అత్త, అప్పుడు కూడా తల తిప్పలేదు. ఆ సమయంలో నా స్నేహితుడు ఇంకా నీళ్ళలో ఉన్నాడు.

మేము మొదటిసారి నల్ల తొడుగులు వేసుకుని మెట్లు దిగుతుంటే ఆమె ఆపింది. ఎంతసేపు ఉంటారంది. నలభై నిమిషాలన్నాను. నీళ్ళలోంచి ఎక్కడ లేస్తారంది. దానికి మేమిద్దరం నవ్వాం, ఆమె నవ్వలేదు. నా చేతి గడియారం చూపించి, లోతూ సమయమూ అన్నీ ఇదే చెబుతుంది అన్నాను.

"అది నీ సేతికున్నాది. నాకెలాగ అగుపిస్తాది?"

ఆ రోజు నుంచి మేము నీళ్ళలో ఉన్నంతసేపూ పైకి వచ్చే బుడగలనే చూస్తూ కూర్చునేది. ఎవరు పెట్టారు నీకీ పని అని ఒకసారి అడిగాను. "సంద్రంలో మనిషుంటే ఈపు సూపించకూడదు బావూ. మా ఇళ్ళల్లో అంతే" అంది. మగవాళ్ళు వేటకు వెళితే వాళ్ళ వాడలో ఎవరో ఒకరు నీళ్ళవైపు చూస్తూనే ఉంటారట. మాకు అక్కడ ఎవరూ లేరు కనక ఆమె చూసింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఆమె గురించి రాస్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే.

ఒక ఆదివారం ఆమె నీళ్ళను కాసేపు చూసి, "ఈయేళ దిగొద్దు. నీళ్ళు ఉత్తరానికి లాగేత్తన్నాయి" అంది. పైకి అద్దంలా ఉంది సముద్రం. నేను ఆమెకు ఆటుపోట్ల పాఠం మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే వదిలేసి, "సరే, లేచినప్పుడు నీ బుడ్డీ ఎత్తు. నాను సూడాల" అంది. బుడ్డీ అంటే మేము పైకి వచ్చాక ఊది నిలబెట్టే పొడుగాటి నారింజరంగు గొట్టం. సరేనన్నాను.

దిగిన పది నిమిషాలకే లాగటం మొదలైంది. ఇసుక లేచి, చాచిన చెయ్యి కనబడటం మానేసింది. స్నేహితుడి పట్టీ పట్టుకున్నాను, అతను నాది పట్టుకున్నాడు. బండలు పక్కనుంచి జారిపోతున్నాయి, మేము ఈదుతున్నా వెనక్కే పోతున్నాం. అతను గాలి ఎంత వేగంగా పీలుస్తున్నాడో చప్పుడులోనే తెలుస్తోంది. తల పైకెత్తేసరికి పార్కు లేదు, సరుగుడు తోట అవతల ఉన్నాం. పాక్కుంటూ ఒడ్డెక్కాం. గొట్టం నా నడుముకే ఉంది, తీయాలన్న ధ్యాసే రాలేదు.

అప్పుడంటే ధ్యాస రాలేదు. ఆ తర్వాత రోడ్డు మీద టిఫిన్ల పాకలో కూర్చుని వేడి టీ తాగుతుంటే స్నేహితుడు, "అత్త చూస్తూ ఉంటుందిరా" అన్నాడు. "వెళ్ళాక తెలుస్తుందిలే" అన్నాను నేను. అని, రెండు ప్లేట్లు ఇడ్లీ చెప్పాను.

ఆటోలో పార్కుకు వచ్చేసరికి గోడ పొడుగునా జనం. గాలి లేచింది. అత్త నీళ్ళ అంచున నిలబడి ఉంది. గంప బోర్లా పడి, చేపల దగ్గర కుక్కలు కొట్లాడుకుంటున్నాయి. మమ్మల్ని వెతకటానికి ఆమె కొడుకు ఇంకో ఇద్దరిని తీసుకుని పడవ వేశాడని ఎవరో చెప్పారు.

"అత్తా" అన్నాను వెనకనుంచి.

ఆమె తిరగలేదు. చెయ్యి పక్కకు చాచి, తడుముకుని, నా మణికట్టు పట్టుకుంది.

"ఇద్దరూ ఒచ్చీసినారా?"

"వచ్చేశాం."

"మరి ఆళ్ళు రావాల."

పడవ కెరటాలు విరిగేచోటికి అవతల అడ్డదిడ్డంగా తిరుగుతోంది. ముగ్గురూ తలలు వంచి నీళ్ళలోకే చూస్తున్నారు, మా కోసం. ఒడ్డున ఎంతమంది అరిచినా గాలి ఎదురు. ఒక కెరటం లేచి పడవను మింగేసినట్టయ్యేది, మళ్ళీ ముక్కు పైకి లేచేది. లేచిన ప్రతిసారీ అత్త మెల్లగా "ముగ్గురు" అనేది. కెరటం కప్పేసేది. "ముగ్గురు." ఆమె గోళ్ళు నా చేతిలో దిగుతున్నాయి. ఒకసారి పడవ లేచాక ఆమె ఏమీ అనలేదు. నేనూ లెక్కపెట్టాను. ఇద్దరే ఉన్నారు. కెరటం కప్పేసింది. నా జీవితంలో అంతసేపు నేను ఊపిరి బిగబట్టింది నీళ్ళలో కాదు, అక్కడ ఆ ఇసుక మీద. మళ్ళీ లేచింది పడవ. మూడో మనిషి వంగి నీళ్ళు తోడిపోస్తున్నాడు.

"ముగ్గురు" అంది అత్త.

అప్పుడు నాకు గొట్టం గుర్తొచ్చింది. నడుము నుంచి తీసి ఊది, రెండో చేత్తో ఎత్తి పట్టుకున్నాను. చాలాసేపటికి పడవలో ఒకడు చెయ్యి ఊపాడు. వాళ్ళు పడవను తిప్పుతున్నప్పుడు ఒక కెరటం పక్కనుంచి కొట్టింది, ఇంజను ఆగింది. ఎన్నిసార్లు లాగితే ఇంజను అందుకుందో నాకు తెలియదు. పడవ ఇసుకలో దిగబడ్డాక కొడుకు దిగి నా వైపు చూశాడు. తడి జుట్టు ఆరిపోయి, టిఫిన్ల పాకవాడు ఇచ్చిన పొడి చొక్కా వేసుకుని ఉన్నాను. అతను ఇసుకలో కూలబడ్డాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అత్త అప్పుడు నా వైపు తిరిగింది. నా చెయ్యి వదిలింది.

"నువ్వు ఒచ్చీసినట్టు నీకు తెలిస్తే సాలదు బావూ. నాకు తెలియాల."

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ రోజు మాట ఎత్తలేదు. నేను పిల్లలకు ఎన్నో సూత్రాలు బోర్డు మీద రాశాను. నన్ను బతికున్నంతకాలం పట్టుకుని ఉండేది మాత్రం ఈ ఒక్క మాట. ఇప్పుడు బజారుకు వెళ్ళొచ్చినా మా ఆవిడకు వచ్చేశానని చెబుతాను. ఆమెకు విసుగు.

పోయిన ఏడు అత్త కాళ్ళు పడిపోయాయి. పార్కు వెనక సందులోనే ఇల్లు. అరుగు మీద మంచం వేయించుకుంది. రెండిళ్ళ మధ్యనుంచి చీర వెడల్పంత సముద్రం కనబడుతుంది, దానికి ఎదురుగా పడుకునేది. దిగే ముందు వెళ్ళి చెప్పేవాణ్ణి. "ఎక్కడ లేస్తావు?" అనేది. "మెట్ల దగ్గరే" అనేవాణ్ణి. వచ్చాక నీళ్ళోడుతూ గుమ్మంలో నిలబడి, "వచ్చేశాను అత్తా" అనేవాణ్ణి. "సరే, బేగెల్లి బువ్వ తిను" అనేది. ఆ చివరి ఆదివారం కూడా దిగే ముందు చెప్పాను. మాట రాక వేలెత్తి, వెళ్ళమంది.

పన్నెండో రోజు భోజనాలయ్యాక కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఆరిపోయినా.

"మాస్టారూ, మీకో మాట సెప్పాల. ఆ పొద్దున్న అమ్మకి ఊపిరి ఎగబోస్తన్నాది. పడుకోయే అంటే ఇనదు, కళ్ళు సంద్రం మీదే. ఒచ్చీసినాడేటిరా అని సైగ సేస్తాది. నేదమ్మా అన్నాను. మల్లీ అడిగినాది. మల్లీ అడిగినాది. నాను సూడనేక, ఒచ్చీసినాడమ్మా అనీసినాను. అబద్దం సెప్పినాను మాస్టారూ."

"అప్పుడు?"

"అప్పుడు గోడకేసి తిరిగి పడుకున్నాది."

ఆ వేళకు నేను బండల దగ్గర ఉన్నాను. సిలిండరులో గాలి ఇంకా సగం ఉంది.

అరుగు మీద మంచం తీసేశారు. మంచం కోళ్ళ గుర్తులు నాలుగూ మాత్రం మట్టిలో ఉన్నాయి. నేను వాటి మధ్య కూర్చుని, సముద్రం వైపు వీపు పెట్టి, ఆమె చూసిన గోడ వైపు వంగి, "వచ్చేశాను అత్తా" అన్నాను.