ట్యాంకు బొమ్మ నొక్కితే వచ్చే మాట

పిప్పర్‌గూడ చౌరస్తాలో బోథ్ పోయే ఆటోలు ఆగే చోట అమ్జద్ ఎలక్ట్రానిక్స్ అని ఒక చిన్న దుకాణం ఉంది. ఫోన్లు, మిక్సీలు, ఇన్వర్టర్లు, ఈమధ్య చేలల్లో మందు కొట్టే డ్రోన్లు, ఏది మూలనపడ్డా అమ్జద్ లేపి నిలబెడతాడు. అయితే జనం అక్కడికి వచ్చేది రిపేర్ల కోసమే అనుకుంటే పొరపాటు. దుకాణం ముందు ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చుని ఛాయ్ తాగుతూ అమ్జద్ మాటలు వినడం ఆ ఊరి మగవాళ్లకు అలవాటు. ఆ బల్ల కాలు విరిగితే తప్ప ఎవరి ఇంట్లోనూ పని సాగదని అమ్జద్ భార్య నిషాత్ అంటుండేది.

యంత్రాలు, చట్టం, యుద్ధ సామాను. ఈ మూడింటిలో ఏది కదిపినా అమ్జద్‌కు నోరు ఆగదు.

"ట్యాంకుకు ముందర మస్తు మందముంటది, నెత్తిమీద పల్చన. ఇన్నొద్దులు ముందరికెల్లి కొట్టిండ్రు, నడిచింది. ఇప్పుడు డ్రోన్ మీదికెల్లి వస్తుంది. గందుకే గంత పెద్ద ట్యాంకు మీద కోళ్లగూడుకు కట్టినట్టు జాలి కట్టుకుంటుండ్రు" అనేవాడు స్క్రూడ్రైవర్ ఊపుతూ.

చట్టం గురించి అడిగితే ఇంకా హుషారు. "కొత్త యాప్ ఎక్కించేటప్పుడు ఒప్పుకుంటున్నా అని నొక్కుతవు గదా? చదివినవా? చదవలే. చట్టం గూడ గంతే. పుట్టంగనే అందరం నొక్కినం. ఎవ్వడు చదవలే. చట్టం తెల్వదంటే విడిచిపెట్టరు. తెలుసంటే అస్సలే విడిచిపెట్టరు."

బల్ల మీదివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు తనూ నవ్వేవాడు. ఆ చివరి మాట ఒకరోజు తనకే తగులుతుందని అప్పుడు అతనికి ఏం తెలుసు?

అతని తండ్రి రహీమ్ భైంసాలో రేడియోలు బాగుచేసేవాడు. కొడుకుకు మాత్రం ఫౌజులో చేరి సిగ్నల్ సామాను పట్టుకోవాలని పిచ్చి కోరిక. భర్తీకి పోయాడు, పరుగులో నెగ్గాడు, ఛాతీ కొలత దగ్గర ఓడిపోయాడు. ఎంత ఊపిరి పీల్చినా టేపు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి తండ్రి పక్కన సాల్డరింగ్ పట్టుకుని కూర్చున్నాడు గానీ, ఆ మోజు పోలేదు. ఇప్పటికీ అతని వాట్సాప్‌లో బొమ్మ ట్యాంకే. పెళ్లి ఫొటో పెట్టమని నిషాత్ ఎన్నిసార్లు పోరినా ఆ ట్యాంకు దిగలేదు.

ఆ వేసవిలో సరిహద్దు దగ్గర డ్రోన్లు ఎగిరాయి. టీవీల్లో పొద్దస్తమానం సైరన్లే. ఎక్కడో ఎవరో ఫోన్లో ఏదో పెడితే పట్టుకుపోయారని రోజుకొక కబురు. నిషాత్‌కు తిండి సహించడం మానేసింది.

"అజీ, జర నోటికి తాళం వేసుకోండి. ఆ బల్ల తీసి లోపల పెట్టండి" అంది.

"నేనేమన్న తప్పు మాట్లాడుతున్ననా? మన ఫౌజు సంగతే గదా చెప్తున్న."

"మీరు ఏం మాట్లాడుతుండ్రన్నది ఎవరు చూస్తరు? ఎవరు మాట్లాడుతుండ్రన్నదే చూస్తరు."

అమ్జద్ స్క్రూడ్రైవర్ పట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడు. బల్ల మాత్రం తీయలేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున దశరథం దగ్గరినుంచి అతనికి ఫొటో వచ్చింది. దశరథం పక్క ఊరి రైతు, అరవై దాటినవాడు. చదువు రాదు. కూతురు జమున కరీంనగర్‌లో నర్సుగా చేస్తోంది. ఆమెతో మాట్లాడుకోవడానికి ఫోన్లో మాట రికార్డు చేసి పంపడం, వచ్చిన మాట వినడం, ఫొటో తీసి పంపడం అతనికి నేర్పింది అమ్జదే. పేర్లు చదవలేడు కాబట్టి బొమ్మల్ని బట్టి మనుషుల్ని గుర్తుపడతాడు. జమున అంటే గులాబీ పువ్వు. అమ్జద్ అంటే ట్యాంకు.

ఫొటోలో పత్తి కట్టె పీకేసిన చేను ఉంది. మట్టిలో ఎర్రటి గుడ్డ గొడుగు, పొడుగాటి దారం, పగిలిన రబ్బరు బుడగ ముక్కలు, దారం చివర తెల్లటి చిన్న డబ్బా. డబ్బా మీది కాగితం సగం చిరిగి ఏవో అంకెలు మాత్రం మిగిలాయి. దాని వెంట దశరథం మాట. "అమ్జదూ, గిది మా చేన్ల పడ్డది. ఏందిది బిడ్డా? ముట్టుకోవచ్చునా?"

అమ్జద్ ముఖం వెలిగిపోయింది. గాలి, వాన లెక్కలు కట్టేవాళ్లు బుడగకు కట్టి ఆకాశంలోకి వదిలే యంత్రం అది. ఇన్నేళ్లుగా బొమ్మల్లో చూడడమే గానీ చేతికి అందలేదు. వెంటనే ఫోన్ మూతి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాడు.

"కాకా, అది బాంబు గాదు. బాంబైతే ఫొటో తీసుకునేదాంక ఆగుతదా? అది వాన మిషిను. ఇంటికి తీసుకపో. ఎవ్వనికి చెప్పకు, చెప్తే లేనిపోని లొల్లి. దాని లోపలి సామాను నాకు పనికొస్తది, సాయంత్రం నేనొచ్చి తీసుకుంటా."

పంపేసి, ఆనందంగా ఇంకో ఛాయ్ చెప్పాడు.

ఎండ ముదిరేసరికి కబురు చౌరస్తాకు వచ్చేసింది. దశరథం చేతిలో ఆ డబ్బా పట్టుకుని పోతుంటే ఎవరో వీడియో తీశారు. గూఢచారి డ్రోన్ దొరికిందని పేరు పెట్టి గ్రూపుల్లో తిప్పారు. పోలీసు జీపు వచ్చింది. డబ్బాను, దశరథాన్ని, అతని ఫోన్‌ను తీసుకుపోయారు.

బల్ల మీదివాళ్లంతా ఒక్కసారిగా అమ్జద్ వైపు తిరిగారు. "భయ్యా, నువ్వు చెప్పు. ఏందది?"

అమ్జద్ నోరు తెరిచాడు. పొద్దుటి మాట నాలుక మీదే ఉంది. కానీ వాళ్ల కళ్లలో ఎప్పుడూ ఉండే సరదా ఆ పూట కనబడలేదు. ఎవరూ నవ్వడం లేదు.

"ఏమో" అన్నాడు. "నాకేం తెలుస్తది?"

ఆ బల్ల మీద అతను ఆ మాట అనడం అదే మొదలు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. కాసేపటికి అందరూ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయారు.

అమ్జద్ షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాడు. ఫోన్ తీసి, పొద్దున తను పంపిన మాటను చెవికి ఆనించుకుని విన్నాడు. రెండోసారి విన్నప్పుడు, టేబుల్‌కు అవతల ఖాకీ బట్టల్లో కూర్చున్న మనిషి విన్నట్టుగా విన్నాడు. బాంబు. ఇంటికి తీసుకపో. ఎవ్వనికి చెప్పకు. లోపలి సామాను నాకు పనికొస్తది. వాన మిషిను అన్న ఒక్క ముక్క ఆ మిగతా మాటల మధ్య ఎక్కడ కొట్టుకుపోయిందో వెతికినా దొరకలేదు. ఆపైన దుకాణం నిండా విప్పి పెట్టిన డ్రోన్లు. ఆపైన పేరు అమ్జద్.

భయం అంటే అప్పటిదాకా అతనికి తెలిసింది కరెంటు షాక్ లాంటిది, కొట్టి పోయేది. ఇది పోలేదు. బయట ఏ బండి ఆగినా జీపే అనిపించింది. అవతలి ఫోన్ పోలీసుల చేతుల్లో ఉంది, వాళ్లింకా తెరవలేదేమో. తన మాటను తీసేస్తే అనుమానం పెరుగుతుందని తెలుసు. తీసేసినా ఎక్కడో జాడ మిగులుతుందని తనే వందమందికి చెప్పాడు. అన్నీ తెలిసి, వేలితో ఆ మాటను గట్టిగా నొక్కి పట్టాడు. అందరికీ తొలగించు అన్నదాన్ని ఎంచుకున్నాడు. తన గొంతు ఉన్న చోట బూడిద రంగు గీత ఒకటి మిగిలింది. ఒక్క నిమిషం ఊపిరి ఆడింది. మళ్లీ ఆగింది.

పొద్దు వాలుతుండగా షట్టర్ కింద నుంచి వంగి ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. దశరథం భార్య చంద్రవ్వ. ఎండలో నడిచొచ్చి మొహం కమిలిపోయింది.

"అమ్జదూ, నువ్వు అన్నీ తెలిసినోనివి. ఠాణాకు వచ్చి ఒక్క మాట చెప్పు బిడ్డా. గాయన ఎవర్నో అడిగే తెచ్చిండట. ఎవరంటే చెప్తలేడు. నువ్వు చూస్తే గదేందో చెప్పవా?"

"నేను చూడంది ఎట్ల చెప్పాలె చంద్రవ్వా?" అన్నాడు. "పోలీసోళ్ల పని. మధ్యల మనం పోతే ఇంకింత పరేషాన్ అయితది."

చంద్రవ్వ గోడ మీది డ్రోన్ల వైపు, అమ్జద్ మొహం వైపు చూసి, కొంగుతో చెమట తుడుచుకుని వెళ్లిపోయింది. దుకాణం వెనకే ఉన్న ఇంట్లోంచి పరదా తీసుకుని నిషాత్ వచ్చింది. భర్తను నోరు మూసుకోమని ఇన్నాళ్లూ బతిమాలింది ఆమే.

"గాయనకు చెప్పిందెవరు?" అని అడిగింది.

అమ్జద్ చేతిలోని ఫోన్‌ను బోర్లా పెట్టాడు. నిషాత్ లోపలికి పోయి పొయ్యి ఆర్పేసింది. ఆ రాత్రి ఇద్దరూ తినలేదు. దశరథం తన పేరు చెప్తాడేమోనని అతను భయపడ్డాడు. చెప్పడం లేదని చంద్రవ్వ నోట విన్నాక ఇంకా ఎక్కువ భయపడ్డాడు. తెల్లారితే ఠాణాకు పోయి అంతా చెప్పేయాలని అనుకున్నాడు. తెల్లారింది. చెప్పులు వేసుకున్నాడు. ఠాణా రోడ్డు మలుపు దాకా పోయి, బీడీల దుకాణం దగ్గర నిలబడి, అవసరం లేని అగ్గిపెట్టె ఒకటి కొనుక్కుని తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం వాతావరణ శాఖ మనుషులు వచ్చారట. డబ్బాను చూసి, మాదే అన్నారట. అంతే, దశరథాన్ని పంపించేశారు. గ్రూపుల్లో ఆ సంగతి ఎవరూ తిప్పలేదు.

మర్నాడు దుకాణం తెరిచేసరికి దశరథం బల్ల మీద ఉన్నాడు. ఎడమ చెంప వాచి ఉంది. ఏం అంటాడో, ఎంత గట్టిగా అంటాడో అని అమ్జద్ కౌంటర్ వెనక్కి జరిగాడు. దశరథం మెల్లగా లేచి, అంగీ జేబులోంచి ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఖరాబైంది బిడ్డా. జర చూడు."

"ఏమైంది కాకా?"

"నీ పేరు నేను చెప్పలే. ఎందుకు నిన్ను గుంజుడు? నువ్వు పంపిన మాట వినిపిస్తే చాలు, వాన మిషిను అని వాళ్లకే ఎరుకైతది అనుకున్న. ఫోన్ ఇయ్యుండ్రి సారూ వినిపిస్త అన్న. ఇచ్చిండ్రు. ట్యాంకు బొమ్మ నొక్కిన. ఎన్నిసార్లు నొక్కినా రాలే. జమేదారు చూసి, ఉత్త గీత తప్ప ఏం లేదిక్కడ, కథలు జెప్తున్నవా అని ఒక్కటిచ్చిండు." దశరథం చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ మాట పోతే పోయింది. జమున మాటలు గూడ గిట్లనే పోతయేమోనని ఫికరైతుంది. పిల్ల చిన్నగున్నప్పటి ఫొటోలు గూడ దీంట్లనే ఉన్నయి. బాగు చెయ్యి."

అమ్జద్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్ కౌంటర్ మీదే ఉంది. వెనక మూత విప్పి, ఏదో గీకి, మళ్లీ మూసి, అయిపోయింది కాకా అంటే చాలు, దశరథం నమ్ముతాడు. దండం పెట్టి పోతాడు కూడా. స్క్రూడ్రైవర్ తీశాడు. పెట్టాడు.

"ఫోన్‌ల ఏం ఖరాబు లేదు కాకా. ఆ మాట నేనే తీసేసిన."

దశరథానికి అర్థం కాలేదు. "నా ఫోన్‌లది నువ్వెట్ల తీస్తవు?"

"నా ఫోన్‌ల తీస్తే నీ ఫోన్‌ల పోతది. భయమైంది కాకా. నన్ను గూడ పట్టుకపోతరని తీసేసిన. చంద్రవ్వ వచ్చి అడిగినా చెప్పలే."

అరుస్తాడనుకున్నాడు. అరిస్తే బాగుండు అనుకున్నాడు. దశరథం చెయ్యి చాపి, అమ్జద్ చేతిలోంచి దాన్ని నెమ్మదిగా తీసుకున్నాడు.

"మరి జమున మాటలు?" అన్నాడు చిన్న గొంతుతో. "అవి గూడ నువ్వు తీయొచ్చునా?"

"లేదు కాకా. నేను పంపినయే తీయగల్గుత. ఒట్టు."

దశరథం తల ఊపాడు, నమ్మాడో లేదో తెలియలేదు. ఫోన్‌ను జేబులో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి కప్పుకుని, ఆ చెయ్యి తీయకుండానే రోడ్డు దాటాడు.