ఎటూ పోని తీగలో మగ్గం చప్పుడు

దయ్యాల మీద నాకు మొదటి నుంచీ ఒకటే అభ్యంతరం. వాటికి పనీపాటా ఉండదు. నేసి బతికిన ఇంట్లో పుట్టినవాణ్ని, పని లేనివాళ్ళ మాట నమ్మే అలవాటు మాకు లేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. బల్కంపేటలో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం: మా అక్క, బావ మల్లేశం, బావకు అన్న రాజయ్య, వాళ్ళకు తోకలాగా నేను. ముందు గదిలో రాజయ్య గుంత మగ్గం. పాత పడుగు కొసలు తప్ప నెలల తరబడి దాని మీద పోగు లేదు. అయినా రాజయ్య రోజూ గుంతలోకి దిగి దాన్ని తుడిచేవాడు. ఇంటికి రాని అల్లుడి కోసం మంచం దులిపినట్టుందని నేనంటే నవ్వేవాడు కాదు.

ఇల్లు మా జీతాల మీదే నడిచేది. పంజగుట్టలో ఒక సేటు పాత బంగళా అద్దెకు తీసుకుని గ్రామఫోను రికార్డుల కోసం స్టూడియో పెడుతున్నాడు. బావకూ నాకూ అక్కడ తీగల పని. మా మీద అధికారి శాస్త్రిగారనే కోస్తా ఇంజనీరు. ఆదివారం సాయంత్రం సేటు వస్తాడనీ, అప్పటికి జాక్ బోర్డు పలకకపోతే బొంబాయి మనిషిని పిలిపిస్తాననీ ఆయన ముందే చెప్పారు. అంటే మా ఇద్దరికీ సెలవు. జీతం లేనిది.

జాక్ బోర్డంటే భయపడక్కర్లేదు. చెక్క పలకలో వరసగా ఇత్తడి రంధ్రాలు. వెనక ఒక్కో దానికి ఒక్కో తీగ: ఒకటి పాడేవాళ్ళ మైకు నుంచి, ఒకటి తబలా మైకు నుంచి, ఒకటి రికార్డు కోసే యంత్రానికి. రెండు కొసలకూ ఇత్తడి మొలలున్న తీగ ముక్కతో ఏ రంధ్రాన్ని ఏ రంధ్రంతో కలిపితే శబ్దం అటు పోతుంది. పెళ్ళిళ్ళ పేరయ్య పనే. కాకపోతే ఇక్కడ నచ్చకపోతే వెంటనే ఊడదీయొచ్చు.

మాకంటే ముందు ఆ బంగళాలో అద్దెకున్నవాళ్ళ టెలిఫోను తీగలు గోడలోంచి కుచ్చులా వేలాడుతుండేవి. వాటిని పీకి పారేయమన్నారు శాస్త్రిగారు. బావ పీకలేదు. నేసిన గుడ్డ కోసేటప్పుడు మావాళ్ళు పాత పడుగు కొసల్ని మగ్గానికే వదిలేస్తారు. కొత్త పడుగును వాటికే ఒక్కో పోగూ అతుకుతారు. మగ్గాన్ని బోసిగా ఉంచరు. బావ చేతులకు అదే అలవాటు. పాత తీగ ఒకదాన్ని బోర్డు చివర మిగిలిన రంధ్రానికి అతికి టంకం పెట్టాడు.

"గిది ఎటు పోతది బావా?"

"ఎటూ పోదు. ఉండనీ."

గోడ అవతలికి వెళ్ళి చూశాను. తీగ తుమ్మచెట్టు దాకా పోయి తెగి వేలాడుతోంది. కొస దగ్గర ఒక తొండ. దానికి పాట వచ్చినట్టు కనిపించలేదు.

ఆ ఆదివారమే బల్కంపేటలో బోనాలు. అక్క బోనమెత్తుకుని ఎల్లమ్మ గుడికి పోయింది. ఇంట్లో రాజయ్య ఒక్కడే. మేము పట్టపగలు బోర్డు పరీక్షిస్తున్నాం. బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో రంధ్రంలో మొల మారుస్తుంటే, పక్క గదిలో మైకు ముందు నేను ఏదో ఒకటి మాట్లాడాలి. శాస్త్రిగారి నడక గురించి మాట్లాడుతున్నాను. అద్దంలోంచి బావ చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆగాను. అతను మాత్రం వింటూనే ఉన్నాడు.

వెళ్ళి ఒక పక్కది నా చెవికి ఆనించుకున్నాను. మొల చివరి రంధ్రంలో ఉంది. మగ్గం. బావిలోంచి వచ్చినట్టు దూరంగా. కాలిచెక్క కిర్రుమనడం, అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోవడం, ఆ వెంటనే దెబ్బ. ఆ కిర్రు నాకూ తెలుసు. రోజూ దాని పక్కనే పడుకుంటాను.

"బోనాల డప్పులు బావా. తీగకు తగులుతున్నట్టున్నది."

"డప్పు కిర్రుమంటదా?"

"మగ్గం మీద పోగే లేదు గదా."

"అన్న మగ్గమే. తొక్కుడు మాత్రం అన్న తొక్కుడు కాదు. కాలు ఈడుస్తుండు, జర విను."

విన్నాను. ఒక దెబ్బ నిండుగా, రెండోది ఆలస్యంగా, మధ్యలో ఏదో నేలకు రాసుకున్నట్టు. రాజయ్య తొక్కుడు గడియారం లాంటిది. ఇది అతనిది కాదు. కొంతసేపు నడిచి, నాడె దారిలో ఉండగానే చప్పుడు ఆగిపోయింది.

బావ లేచాడు. గుమ్మంలో శాస్త్రిగారు.

"ఏంటయ్యా, ఎక్కడికి? సాయంత్రానికి సేటు వస్తాడు. ఇప్పుడు గడప దాటితే మళ్ళీ రానక్కర్లేదు."

బావ ఒక్క క్షణం బోర్డు వైపు చూశాడు. "మాఫ్ జేయుండ్రి సార్, ఇంట్ల అన్న ఒక్కడే ఉన్నడు" అని, అమీర్‌పేట దారి పట్టి పరుగెత్తాడు. ఒక్క జీతమైనా మిగలాలని నేను ఉండిపోయాను.

బావ ఇల్లు చేరేసరికి రాజయ్య మగ్గం గుంతలో ఒరిగిపోయి ఉన్నాడు. తుడవడానికి దిగినవాడికి ఎడమ పక్క పడిపోయింది. నోట మాట లేదు. వీధిలో డప్పుల మోత, ఎవరికి తెలుస్తుంది. పోతరాజు వేషంలో ఉన్న పక్కింటాయన అతన్ని భుజాన వేసుకుని బావతో దవాఖానకు పోయాడు. ఒళ్ళంతా పసుపుతో, కొరడాతో పోతరాజు లోపలికి వస్తే, కంపౌండరు వరసలో నిలబడమనలేదట. ఇంకా ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

ఇక్కడ సేటు వచ్చాడు, బోర్డు పలికింది. అయినా ఇద్దరి నౌకరీలూ పోయాయి. బావది గడప దాటినందుకు. నాది, శాస్త్రిగారి నడక గురించి చెప్పిందంతా ఆయన గదిలోని లౌడుస్పీకరులో వినిపించినందుకు.

పోయేముందు ఆయన్నే అడిగాను. చివరి రంధ్రంలో మొల పెట్టి ఓపిగ్గా విన్నారు. ఏమీ లేదు. డప్పుల చప్పుడు తీగకు తగిలి ఉంటుంది, మిగతాది మీరు కలుపుకున్నారు అన్నారు. మర్యాదైన వివరణ. సంతోషంగా తీసుకున్నాను. కొన్ని నెలలు బాగానే పనిచేసింది.

తర్వాత మళ్ళీ నూలు వచ్చింది. పాత కొసలకు బావ కొత్త పడుగు అతికాడు. అప్పటికి రాజయ్య ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఒక పొద్దున నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే లోపల కిర్రుమంది. ఒక దెబ్బ నిండుగా, రెండోది ఆలస్యంగా, మధ్యలో ఏదో నేలకు రాసుకున్నట్టు. గుమ్మంలో నిలబడ్డ బావ నా వైపు చూశాడు. వేపపుల్ల నా నోట్లో అలాగే ఉండిపోయింది.

నాడె దారిలో ఉండగానే చప్పుడు ఆగిపోయింది.

ఇద్దరం లోపలికి ఉరికాం. రాజయ్య మగ్గంలో కూర్చుని, తల వంచుకుని కొసలు వెతుక్కుంటున్నాడు.

"ఏమైందిరా, గట్ల ఉరికొస్తున్నరు? పోగు తెగింది, అంతే."

పంజగుట్టలో మేము విన్నది ఇదే, ఆగిన చోటుతో సహా. ఆ బోనాల రోజుకు అది ఇంకా జరగనే లేదు. ఎలా విన్నామో నాకు తెలియదు. శాస్త్రిగారినే అడుగుదామంటే మా మధ్య మాటల్లేవు.