పండగ లేని ఇంటి వేపపువ్వు

మా చిన్నప్పుడు... ఉగాది పొద్దున్న మా వీధి వీధంతా పైడమ్మత్త వాళ్ళ పెరట్లోనే ఉండేది. గజపతినగరంలో మా వీధి మొత్తానికి ఉన్నది ఒకటే వేపచెట్టు. అది వాళ్ళది. కింద పాత చీర పరిచి, కొమ్మలు దులిపి, రాలిన పువ్వు అందరూ తలా ఇంత పంచుకుని ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు.

రెండువేల పదమూడో పద్నాలుగో... "నిన్నగాక మొన్నటి సంగతి, అది కూడా చిన్నప్పుడేనా" అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు అదే చిన్నప్పుడు మరి.

ఆ ఏడు చలికాలంలో పైడమ్మత్త మావగారు పోయారు. చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పండగ చెయ్యరు కదా... పొయ్యి మీద బూరెల మూకుడు పెట్టరు, పచ్చడి కలపరు. కానీ ఆ ఇంటి పిల్లలు పండగ రుచి చూడకుండా ఉండకూడదని చుట్టుపక్కల వాళ్ళే తెచ్చి ఇస్తారు. వాళ్ళు అడగరు, అడగకూడదు కూడా. మనమే వెళ్ళాలి. మా వీధిలో ఇది ఒకరు చెప్పాల్సిన పని కాదు.

ఆ పొద్దున్న కూడా చీర పరిచింది పైడమ్మత్త కూతురు భవానీయే. నా ఈడుదే, నా క్లాసే. పైడమ్మత్త గుమ్మంలో నిలబడి, "కోసీసుకోండి, మాకీయేడు నేదు గదా, మొత్తం మీరే అట్టుకెళ్ళిపోండి" అంది. అందరూ పాపం అనుకుంటూనే ఒడి నిండా పువ్వు పట్టుకెళ్ళారు. మేమూ అంతే.

కొత్తబెల్లం, కొత్త చింతపండు, నాన్న సంతలో ఏరి తెచ్చిన పుల్లటి మామిడికాయ... మా అమ్మ పచ్చడి కలిపితే నాలుక దాన్ని వదిలిపెట్టేది కాదు. నేను కొత్త లంగా కట్టుకుని, రెండుసార్లు నాకి, వీధిలో పడ్డాను. భవాని వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉంది. స్కూలుకి వేసుకునే గౌను.

"తిన్నావేటే?" అన్నాను.

"తినీసాను" అంది.

నేను నమ్మేశాను. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "భవానీకి ఎవులైనా ఇచ్చారా?" అని. "తినీసిందంటమ్మా" అని చెప్పాను. అమ్మ మనసు కుదుటపడి మళ్ళీ బూరెల దగ్గర కూర్చుంది.

ఎదురింటి లక్ష్మి పిన్ని ఏమో, పక్కనున్న మేము ఎలాగూ ఇచ్చేసి ఉంటామనుకుంది. చివరింటి మామ్మ, ఇంతమంది ఉండగా ఒక పిల్ల ఎంత చేదని తింటుంది, మనది పారబోస్తారు అనుకుంది. ఇలా వీధిలో ప్రతి ఇల్లూ పక్కింటి మీద నమ్మకంతో కడుపు నిండా తిని పడుకుంది... ఎవరిలోనూ చెడ్డ బుద్ధి లేదు. అదే ఇప్పటికీ బాధ. ఒకరు చెడ్డవాళ్ళైతే వాళ్ళని తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

సాయంత్రం బోరింగు దగ్గర ఆడవాళ్ళందరూ నీళ్ళకి చేరారు. నేను అమ్మ పక్కనే చిన్న బిందె పట్టుకుని ఉన్నాను. పైడమ్మత్త వచ్చి తన బిందె వరసలో పెట్టి, మామూలుగా అడిగింది.

"ఏటొదినా, ఈయేడు మీకూ నేదేటి పండగ?"

ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు, పొద్దున్న పువ్వు పట్టుకెళ్ళాక వీధిలో ఇంకెవరింట్లోనైనా ఏదైనా జరిగిందేమో అని కంగారు. "పొద్దున్నించీ మా పాప గిన్నెలు తోమీసి, గుమ్మంలో పెట్టుకుని కూకున్నాది. ఎవులూ రానేదు. అందుకని అడిగినాను."

బోరింగు కొడుతున్న లక్ష్మి పిన్ని చెయ్యి ఆగిపోయింది. మా అమ్మ మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. సగం నిండిన బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగు పెట్టింది. అందరూ అంతే.

బూరెలున్నాయి, పులిహోర ఉంది. పచ్చడి మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు. మధ్యాహ్నానికే అయిపోయింది. మా తప్పేలాకి అంటుకున్నది కూడా నేనే వేలితో తుడిచి తినేశాను.

పైడమ్మత్త అందరి గిన్నెలూ నవ్వుతూనే అందుకుంది. "పోనీ ఒదినా, మర్సిపోడం మనుసులకే గదా" అంది. మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. భవాని తలుపు వెనకాల నుంచి బయటికి రాలేదు, పిలిచినా రాలేదు.

మర్నాడు స్కూలుకి ఎప్పట్లాగే కలిసి బయల్దేరాం. గుడి మలుపు దాటాక భవాని అడిగింది.

"ఒసే... కొంచెమైనా మిగల్నేదేటే? మా సెట్టు పువ్వే గదా. రుసెలాగున్నాదో అని..."

నేను తల అడ్డంగా ఊపాను.

ఆ తర్వాత ఏ ఇంట్లో పండగ లేకపోయినా, మా అమ్మ మాకు ఆకు వెయ్యకముందే గిన్నె పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేది. "వేరేవాళ్ళు ఇచ్చుంటారులే" అని నాన్న అంటే కస్సుమనేది.

ఇప్పుడు నేను విశాఖలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఈ ఉగాదికి మా ఎదురు ఫ్లాటు ఆవిడ గ్రూపులో పెట్టింది, వాళ్ళ నాన్నగారు పోయారు, ఈ ఏడాది తమకి పండగ లేదని. అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఇందాక ఫోన్లో అమ్మకి ఈ సంగతి చెప్తే ఒకటే అడిగింది... "అది సరేగానీ, ఆళ్ళ పిల్లలు ఏటి తిన్నారే?"

మీ వీధుల్లో పండగ లేని ఇంటికి గిన్నె పట్టుకెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే రాయండి, చదువుకుంటాను. ఇంత పొడుగు పోస్టు రాస్తూ కూర్చున్నాను గానీ... ఆ ఎదురు తలుపు మాత్రం ఇంకా కొట్టలేదు.