కుడిచేత్తో ఆడిన ఓనగుంతలు

నాకు పదకొండేళ్లప్పుడు రక్త క్యాన్సర్ వచ్చింది. మాది గోదావరి పక్కన బొగ్గుగనుల కాలనీ. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాను. బాపు గనిలో పనిచేసేవాడు. వైద్యం కోసం అవ్వా నేనూ హైదరాబాద్‌లో ఆస్పత్రి ఎదురుగా ఒక గదిలో ఉండేవాళ్లం. జబ్బు తగ్గుముఖం పట్టిందని డాక్టరమ్మ చెప్పిన వారానికే తలనొప్పి మొదలైంది. అవ్వ ఎండదెబ్బ అనుకుని నుదుటి మీద తడిగుడ్డ వేసింది. మూడోనాడు పొద్దున ఉప్మా తింటుంటే చెంచా జారి పడింది. తీసి పట్టుకుంటే మళ్లీ జారింది.

"ఏమైందే బిడ్డా?"

"చెయ్యి" అనబోయాను. నోట్లోంచి ఏదో వంకర శబ్దం వచ్చింది. అవ్వ నన్ను భుజాన వేసుకుని, చెప్పులు లేకుండానే రోడ్డు దాటి పరుగెత్తింది.

మెదడులోని రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టిందని స్కానింగ్‌లో తేలింది. నాకిస్తున్న ఇంజెక్షన్లలో ఒకటి క్యాన్సర్ మీద బాగా పనిచేసేదే కానీ, కొందరు పిల్లల్లో ఇలా చేస్తుందట. దాన్ని కొన్నాళ్లు ఆపారు. నెత్తురు పలచబడటానికి పొట్ట మీద రోజుకు రెండు సూదులు వేయాలన్నారు. ఇంటికి పోయాక ఎవరు వేస్తారని నర్సు అడిగితే, కబురంది ఊరి నుంచి వచ్చిన బాపు గోడవైపు తిరిగాడు. కోడిని కోస్తుంటే లోపలికి పోయే అవ్వ, "నేనేస్త, నాకు నేర్పియ్యుండ్రి" అంది.

మాట త్వరగానే తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు. వేళ్లతో చిన్న చిన్న వస్తువులు ఏరించమన్నారు. కాలనీకి తిరిగొచ్చాక బాపు ఎక్కడినుంచో ఓనగుంతల పీట, అదే వామనగుంటల పీట, తెచ్చాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, కళ్ల అంచున ఇంకా బొగ్గు నలుపుతోనే చాప మీద నా ఎదుట కూర్చునేవాడు. గుంతల్లో చింతగింజలు ఒక్కొక్కటే వేయాలి.

"ఎడమ చెయ్యి ఎనకకు పెట్టు. దొంగాట నడువది."

"నువ్వు జల్ది ఏస్తున్నవ్ బాపూ."

"నీకు జల్దేం లేదు. రేపటిదాంక నాకు డ్యూటీ లేదు."

ఒక్క ఆట ముగిసేలోపు అవ్వ రెండుసార్లు చాయ్ పెట్టేది. గింజలు మంచం కిందికి దొర్లితే బాపు పాక్కుంటూ పోయి ఏరుకొచ్చేవాడు. కోపంతో నేను పీట తోసేసిన రోజులున్నాయి. బాపు గింజలన్నీ ఏరి మళ్లీ నింపేవాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు గెలిచాను. కావాలనే ఓడాడని అవ్వ అంటుంది, ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

కొన్నేళ్లకు మందులు పూర్తయ్యాయి. క్యాన్సర్ మళ్లీ రాలేదు. నేనిప్పుడు కరీంనగర్‌లో పిల్లలకు చదువు చెబుతున్నాను. బోర్డు మీద ఎక్కువసేపు రాస్తే కుడిచెయ్యి బరువెక్కుతుంది. ఆ ఏడాది సంగతి విన్నవాళ్లు పాపం అంటారు. నాకు మాత్రం చాప మీద పడే నాలుగింటి ఎండ, బాపు సబ్బు వాసన గుర్తొస్తాయి. ఆయన అన్ని గంటలు నాతో కూర్చున్నది ఆ ఏడాదే.