నల్లపూసల చిలక

నేను కడపకు కాపురానికి వచ్చేసరికి మా అత్తగారింట్లో ఆడవాళ్లు ముగ్గురు. మా అత్త, మా ఆయనకు అక్క అయిన మా వదిన, మూడోది చిలక. చిలక ఆడదేనని ఆ ఇంట్లో ఎవరికీ రవ్వంత అనుమానం లేదు. దాని మెడచుట్టూ సన్నటి నల్లటి పట్టె ఉండేది, పట్టె అంచున కాస్త గులాబి రంగు. "నల్లపూసలు చూడు మే, ఎంత లచ్చనంగా ఉండాయో" అని మా అత్త ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చూపించేది. పిల్లగా ఉన్నప్పుడు దాని మెడ బోసిగా ఉండేదట. రెండు మూడేళ్లకు పట్టె తేలిందట. ఇంకేం, చిలక్కి పెళ్లయిపోయిందని అత్త ఆ రోజు వీధంతా చక్కెర పంచిందట. శుక్రవారం వస్తే పంజరం కడ్డీకి కుంకుమ బొట్టు పెట్టేది. నేను పమిట అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. కనిపెట్టి కసిరేది.

పంజరానికి బొట్టు పెట్టే ఆ చేతులే మా వదినకు తెల్ల చీర ఉతికి ఆరేసేవి. మా వదిన మొగుడు, ఆమె కాపురానికి పోకముందే, అమ్మవారు పోసి పోయాడు. ఆమెకు అతని ముఖం కూడా గుర్తులేదు. నేను వచ్చేనాటికి ఆమెకు పాతికేళ్లు ఉంటాయేమో. ఇంటెడు చాకిరీ చేసేది, ఎవరూ అడగకముందే చేసేది, చేశాక ఎక్కడికో మాయమైపోయేది. ఎక్కడికంటే ఎక్కడికీ కాదు, వంటింటి వెనక నాపబండ అరుగు మీదికి. అక్కడే పంజరం ఉండేది. ఒక ఎండాకాలం గాలివానకు పెరట్లో వేపచెట్టు కింద ఈకలు కూడా రాని చిలకపిల్ల పడి ఉంటే తెచ్చి, జొన్నపిండి పలచగా కలిపి, వేలితో నోట్లో పెట్టి బతికించుకుంది. ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్నది అదొక్కటే.

శివరాత్రి వెళ్లి, చలి కూడా ఎటో వెళ్లిపోయిన రోజులు. కడపలో ఆ నెల ఒక వింత నెల. ఎండ ఉంటుంది గాని ఇంకా కొట్టదు. మధ్యాహ్నాలు ఊరంతా సగం నిద్రలో ఉంటుంది. పాలకొండల మీద పొగలాంటి నీలం కమ్ముకుని ఉంటుంది. నాకు ఆ రోజులు ఇప్పటికీ కళ్లు మూస్తే వస్తాయి, మూయకపోయినా వస్తాయి.

అలాంటి ఒక సాయంత్రం అంగడి కట్టేసి మా మామ, మా ఆయన వచ్చారు. కంచాలు పెట్టాం. కంచాలు పెట్టే వేళకు మా వదిన వంటింట్లో ఉండేది కాదు. మొగుడు పోయిన ఆడదానికి మా ఇళ్లల్లో పగలు ఒక్కపూటే అన్నం, రాత్రికి లోటాడు మజ్జిగ, అంతే. అందరూ తింటూ ఉంటే చూస్తూ కూర్చోవడం ఎందుకని అరుగు మీదికి వెళ్లి చిలకను చేతిమీద ఎక్కించుకునేది. ఆ సాయంత్రం అక్కడినుంచి "మాయమ్మను పిల్చు, తొందరగా పిల్చు" అని నా మీద కేక వేసింది. వదిన గట్టిగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

పరిగెత్తి చూస్తే చిలక ఆమె మణికట్టు మీద నిలబడి తల పైకీ కిందికీ ఊపుతోంది. ఆగకుండా ఊపుతోంది. కళ్లలో నల్లగుడ్లు చిన్నవై పెద్దవై చిన్నవవుతున్నాయి. మెడ సాగదీసి, గొంతులోంచి తెల్లటి ముద్ద ఒకటి తెచ్చి ఆమె అరచేతిలో కక్కింది. మళ్లీ తల ఊపింది. మళ్లీ కక్కింది. "అయ్యో అయ్యో, ఎవురి కన్ను పడిందో" అని మా అత్త అక్కడే చతికిలబడింది.

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అల్లం రసం పట్టింది. మర్నాడు మా ఆయన్ని గొడ్డాసుపత్రికి తరిమింది. అక్కడి కాంపౌండరు పంజరం చూసి, "పాలెన్ని ఇస్తాదప్పా ఇది?" అని అడిగి పంపించాడట. మా ఆయన ఆ మాట చెప్పి నవ్వబోయి, అక్క ముఖం చూసి నోరు మూసుకున్నాడు. పగలంతా చిలక బాగానే ఉండేది, జామకాయ కొరికేది, ఈల వేసేది. పొద్దు గూకి, కంచాలు పెట్టి, వదిన అరుగు మీదికి చేరేసరికి మళ్లీ మొదలు. నేను చెయ్యి చాపితే కక్కదు, కరుస్తుంది. అత్త చెయ్యి చాపినా అంతే. వదిన చేతిలోనే కక్కేది.

మా అత్తకు భయం పట్టుకుంది. ముత్తైదువు ఇంట్లో రోగంతో ప్రాణం వదిలితే అరిష్టమట. ముత్తైదువంటే చిలకే! ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియక నేను స్తంభం పట్టుకు నిల్చున్నాను. పాలు పోసే ఆమె అప్పుడే చెప్పింది, బుగ్గవంక అవతల ఒక ముసలి సాయిబు ఉన్నాడు, మిద్దె నిండా పావురాలే, పిట్టల జబ్బులన్నీ ఆయనకు తెలుసని.

"పోయి చూపించుకొని రాండి ఇద్దరూ" అంది అత్త. ఆగి, వదిన వైపు చూడకుండా, "నయం కాదంటే మాత్రం దాన్ని ఆ దావనే వదిలేసి రావల్ల. ఇంటికి తేవద్దు" అంది.

పంజరానికి తడిగుడ్డ చుట్టి బయలుదేరాం. ఊరు కునుకు తీస్తున్న వేళ. అంగళ్ల ముందు పరదాలు దించి ఉన్నాయి. వీధిలో మా నీడలు తప్ప ఎవరూ లేరు. వంకలో నీళ్లు ఒక పక్కకు సన్నగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసుకే. ఆ ఇసుకలో నడుస్తుంటే కాళ్లు ముందుకు పోతున్నాయో, ఉన్నచోటే ఉన్నాయో తెలియలేదు. వెలుగు ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలియనంత తెల్లగా ఉంది. కలలో నడిచినట్టే నడిచాను.

"ఇది పోతే నేనెవురితో మాట్లాడల్ల మే?" అంది వదిన ఉన్నట్టుండి.

నాకు చర్రున కోపం వచ్చింది. "నేను లేనా? నాతో మాట్లాడకూడదా?"

"నువ్వు మా తమ్ముని పెళ్లానివి" అంది మెల్లగా. "ఇది నాది."

నాకు కోపం ఎక్కువ గాని, ఆ మాటకు కోపం రాలేదు. పంజరం నేను మోస్తానని అడిగాను, ఇవ్వలేదు.

సాయిబు ఇల్లు సగం కూలి ఉంది, మిగిలిన సగం పావురాలది. తాత తండ్రుల మాన్యాలన్నీ పావురాలకే పెట్టానని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. ఆయన భార్య గడప లోపలే కూర్చుని మాకు ఈతచాప జరిపింది. మేం విషయం చెప్పేలోగా ఆయన మాకు మూడు పావురాల వంశాలు వినిపించాడు. తలమీద గాలిలో పావురాల గుంపు గుండ్రంగా తిరుగుతోంది. వాటి నీడ మా ఒళ్ల మీదుగా వెళ్తోంది, వస్తోంది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. వదిన మాత్రం కొయ్యబారి కూర్చుంది.

"ఏదీ, చేతిమీద ఎక్కించుకో బేటీ" అన్నాడు ఆయన చివరికి.

గుడ్డ తీసి వదిన దాన్ని మణికట్టు మీద పెట్టుకుంది. ఆ చీకట్లోంచి ఒక్కసారి వెలుగులోకి వచ్చి, ఆమెను చూసి, చిలక తల ఊపడం మొదలుపెట్టింది. గొంతు సాగదీసింది. ఆమె అరచేతిలో తెల్లటి ముద్ద పడింది. వదిన కళ్లు మూసుకుంది.

సాయిబు పకపకా నవ్వాడు. "జబ్బూ లేదు, గిబ్బూ లేదు! ఎవురమ్మా మీకు ఇది ఆడదని చెప్పిండేది?"

"నల్లపూసలు ఉండాయి కదా" అన్నాను నేను, రోషంగా.

ఇంక ఆయన నవ్వు ఆగలేదు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అవి నల్లపూసలు కాదు తల్లీ, మీసాలనుకో! మొగదానికే వస్తాయి. వీనికి కాలమొచ్చింది. కడుపులో ఉండేది తీసి పెళ్లానికి తినిపిస్తాండాడు. మా పావురాలు చెయ్యవా? కక్కడం కాదు అది, ముద్ద పెట్టడం. ఈ అమ్మనే తన…"

అంటూనే ఆయన వదిన నుదురు చూశాడు. చేతులు చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. లేచి ఊరికే ఒక గూటి తలుపు తీసి, మళ్లీ వేశాడు. గడప లోపలినుంచి ఆయన భార్య ఏదో అంది, నాకు వినపడలేదు. "ఎండలు ముదిరితే అదే మానుకుంటాడు. శెనిక్కాయలు కొంచెం తగ్గించండి" అన్నాడు ఆయన, మా వైపు తిరగకుండా.

తిరుగుదారిలో వంక మధ్యకు వచ్చాం. అక్కడ వదిన ఆగింది. "మొగోడంట మే!" అంది. అని నవ్వింది. ఇసుకలో కూలబడి, పమిట నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. "శుక్రవారం శుక్రవారం మాయమ్మ వానికి బొట్టు పెట్టె కదమ్మే!" నేనూ కూలబడ్డాను. అంత నవ్వు నా జన్మలో మళ్లీ నవ్వలేదు. చిలక గుడ్డలోంచి మమ్మల్ని తిడుతోంది.

నవ్వు తగ్గాక వదిన ఇసుక పిడికిట్లోకి తీసి జారవిడుస్తూ, "నా పెండ్లిలో బువ్వంబంతిలో నేను నిద్రపోయినానంట" అంది. "మాయమ్మే చెప్పె. ఆయన ముద్ద పెట్టిండో, పెట్టకనే లేసిపాయనో, నాకు తెలీదు."

పెళ్లిలో మొగుడూ పెళ్లామూ ఒకరికొకరు తినిపించుకునే బంతి అది. నా బువ్వంబంతిలో మా ఆయన లడ్డు ముక్క నా ముక్కుకు రాసి అందరినీ నవ్వించాడు. అది గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. వదిన ఏడవలేదు. పంజరం మీది గుడ్డ ఒక మూల ఎత్తి లోపలికి చూస్తూ ఉంది. ఎద్దులబండి ఒకటి మమ్మల్ని దాటి వెళ్లింది, దాని చప్పుడు చాలాసేపటికి గాని పోలేదు.

"మాయమ్మకు చెప్పొద్దు మే" అంది లేస్తూ. "మొగదని తెలిస్తే నా చేతిమీద ఉండనీదు. వీధి నోళ్లకు భయపడి రేపే కొండలో వదిలిపెట్టిస్తాది."

నిజమే. చిలక బతికింది, బతికినందుకే పోయేట్టుంది. మా అత్త చెడ్డది కాదు. కానీ ఆమెకు దేవుడంటే ఎంత భయమో ఎదురింటివాళ్లంటే అంతకు రెట్టింపు భయం. "నువ్వు నోరు విప్పొద్దు, నేను చూసుకుంటా" అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

అత్త గడపలోనే ఉంది. పంజరం తిరిగి రావడం చూసి లేచింది. "ఏమన్నాడు?"

"జబ్బు కాదంట అత్తా."

"జబ్బు కాకుంటే కక్కుతాదా?"

"కక్కడం కాదంట. తినిపించడమంట" అన్నాను. అంతవరకూ నిజమే. తర్వాత మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. "మనమంతా తింటాంటే వదిన వట్టి కడుపుతో కూచోనుంటాది కదా. అది చూసి, ఓర్చుకోలేక, తన కడుపులో ఉండేది తీసి పెడతాండాదంట."

అబద్ధమే. అయితేనేం, ఆ మాట అన్నందుకు నాకు ఈ రోజుకీ సంతోషమే.

అత్త నన్ను చూసింది, చిలకను చూసింది. వదినను చూడలేదు. కొట్టబోతుందేమో అనుకున్నాను. లోపలికి వెళ్లి బియ్యం చేట ముందు పెట్టుకుంది. చేటలో చెయ్యి పెట్టి చాలాసేపు ఊరికే కూర్చుంది.

ఆ సాయంత్రం మగవాళ్లు తిని లేచారు. నేనూ అత్తా తిన్నాం. అత్త సరిగా తినలేదు. తర్వాత ఇత్తడి గిన్నె ఒకటి తీసి, అందులో అన్నం పెట్టి, పెరుగు పోసి, ఉప్పు వేసి మెత్తగా కలిపింది. గిన్నె నిండా కలిపింది. దాని పక్కన మాగాయ ముక్క పెట్టింది. చిలక మాగాయ తింటుందా? నేను నోరు తెరవబోతే కళ్లతోనే ఆపింది. గిన్నె తీసుకెళ్లి అరుగు మీద వదిన పక్కన పెట్టింది.

"చిలక్కి" అంది.

వదిన గిన్నె వైపు చూసింది. అత్త గోడ వైపు తిరిగి, "దాని కడుపు నిండితే కదా అది మానుకునేది" అని, "నీకేం పని ఆడ? లోపలికి రా మే" అని నన్ను కేకేసి, తలుపు దగ్గరగా వేసింది.

ఎండలు ముదిరాయి, చిలక కక్కడం మానేసింది. గిన్నె మాత్రం ఏ రాత్రీ మానలేదు. మా మామ చూసీ చూడనట్టు ఉన్నాడు. ఎదురింటావిడ ఒకసారి చూసి, "చిలక్కి అంత అన్నమా?" అంటే, "రాకాసి చిలక" అంది మా అత్త, తొణక్కుండా బెణక్కుండా. మా వదిన చెంపలు కాస్త నిండాయి. నాతోనూ మాట్లాడేది.

కొన్నేళ్లకు, ఒక చలికాలం ఉదయం, చిలక పంజరంలో అడుగున పడి ఉంది. మా అత్త దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఎర్ర రవికగుడ్డలో చుట్టి, "పుణ్యస్త్రీగా పాయ, మారాణి" అని ఏడ్చింది. వదినా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వేవాళ్లమో ఏమో. వేపచెట్టు కింద పాతిపెట్టాం. వదిన పగలంతా నీళ్లు కూడా ముట్టలేదు. పొద్దు గూకాక ఖాళీ పంజరం పక్కన వెళ్లి కూర్చుంది.

మగవాళ్లు తిని లేచారు. అత్త ఇత్తడి గిన్నె తీసింది. అన్నం పెట్టి, పెరుగు పోసి, చేత్తో కలుపుతూ కలుపుతూ మధ్యలో ఆగింది. ఆమె ఇంకాస్త అన్నం వేసి కలిపి, లేచి, తలుపు తీసుకుని అరుగు మీదికి వెళ్లింది. గిన్నె వదిన పక్కన పెట్టింది.

"చిలక్కి" అంది.

వదిన చెయ్యి కడుక్కుంది.