అడ్డుగా నిలబడిన అమ్మాయి

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఏ బస్సెక్కినా కాలేజీ బ్యాగులతో మన పిల్లలే కనిపించే రోజులవి. ఆ మధ్యాహ్నం బస్సు కిక్కిరిసి ఉంది. ఒళ్ళో పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. అంతమందిలో పాలివ్వలేక, "వచ్చేశాం తల్లీ, వచ్చేశాం" అంటూ జోకొడుతున్నాను.

నా సీటు పక్కన నిలబడ్డ అమ్మాయి జాకెట్ లోపల, చొక్కా మీద తడి కనిపించింది. నేను చూశానని గమనించి జిప్పు మెడదాకా లాగేసింది. మా పాప ఏడుపుకు ఆమెకు పాలు వచ్చేశాయని అర్థమైంది.

"పాలియ్యి అక్కా. నేను అడ్డముంట," అంది.

రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని నా ముందు తెరలా నిలబడింది. చూపు మాత్రం కిటికీ వైపే ఉంచింది. పాప తాగుతుంటే అడిగాను.

"మీ పాప ఎక్కడ?"

"బాబు అక్కా. నాలుగో నెల. అత్తమ్మ దగ్గర ఇడిసొచ్చిన. ఇప్పుడు రాకుంటే మళ్ళ వీసా ఇస్తరో లేదో అన్నరు."

"ఎప్పుడు తెచ్చుకుంటారు?"

"మా ఆయనే బాబును తీస్కరావాలె. ఆయన వీసా రిజెక్ట్ అయింది. మళ్ళ అప్లై చేసినం."

పాపను రెండో వైపు మార్చుకుంటూ, ఆమె దిగాల్సిన స్టాప్ ఏదని అడిగాను.

"ఎప్పుడో పోయిందక్కా. పాపను తాగనియ్యి."

అది జరిగి నెలలు గడిచాక, ఈ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. మా పాపకు ఈమధ్యే నడక వచ్చింది. మొదటి అడుగులు నా వైపే వేసింది. ఆ బాబూ ఈపాటికి నడుస్తూ ఉంటాడు. మొదటి అడుగులు ఎవరి వైపు వేశాడో.