పెదనాయన దాచిన తెల్ల గోరింక

మా పెదనాయన పోయాడని మా ఊరు బేరిగై నుంచి ఫోను వచ్చినప్పుడు "ఎవురు చూసినారు?" అనేశాను. అది ఆయన మాటే. ఊళ్లో ఎవరు ఏ కబురు తెచ్చినా ముందు ఆ ప్రశ్న దాటాల్సిందే. గొర్రెలను దొడ్డిలోకి తోలి అరుగు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట.

అంత అనుమానపు మనిషిని నేనింకెక్కడా చూడలేదు. టీకొట్టులో పాలు పోసేదాకా గిన్నె మీంచి చూపు తిప్పేవాడు కాదు.

ఆ మధ్య ఆయన మంద వెంట పురుగులు ఏరుకు తినే గోరింకల్లో ఒక తెల్లది కనిపించింది. ముక్కూ కాళ్లూ పసుపు, మిగతా ఒళ్లంతా సున్నం కొట్టినట్టుంది. ఇంకొకరైతే వింత అనుకునేవారు. గొర్రెలు కలిసిపోకుండా మావాళ్లు వాటి వీపున రంగు పూసి గుర్తు పెట్టుకుంటారు. ఆయన బుర్ర అటే పోయింది. పక్క మందవాళ్లు పిట్టకు రంగు పూసి వదిలారని, రేపు దాన్ని చూపించి ఈ బీడు మాదే అంటారని తేల్చేశాడు. వాళ్లతో మాటలు మానేశాడు. రెక్కల కింద కూడా తెలుపే కదా అని నేనంటే, వాళ్లు అంత పనిమంతులే అన్నాడు. రంగు కరుగుతుందని వాన కోసం కాచుకున్నాడు. వాన పడింది. గోరింక తడిసి, ఒళ్లు విదిలించుకుని, ఇంకా తెల్లగా తేలింది.

"ఇది పుట్టుకతో వచ్చిన తెలుపేనమ్మా. ఇంక దీన్ని బతకనీరు," అన్నాడు.

అనుమానం పక్క మంద మీంచి లోకం మీదికి మళ్లింది. ఎవరైనా ఫొటో పెడితే, అది చూసి వలవాళ్లు వచ్చి పట్టుకుపోయి అమ్ముకుంటారని భయం. హోసూరు నుంచి కెమెరాలతో వచ్చినవాళ్లందరినీ, పిట్ట అటుందని చెప్పి సూళగిరి దారి పట్టించాడు. నేను ఫోను తీసినా చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడా చెయ్యి తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఆ పిట్ట మీద ఆయనకు అంత ప్రాణం.

కర్మ రోజున ఎవరో ఒకతను బైకు దిగాడు, భుజాన సంచితో. పలకరింపులయ్యాక, ఇక్కడ తెల్ల గోరింక ఉందట కదా అని మెల్లగా అడిగాడు. సంచిలో ఉన్నది కెమెరానో వలో తెలియలేదు. నేను నోరు విప్పేలోగా పెద్దమ్మ అందుకుంది. పిట్టను పట్టుకుని ఏమిటీ పిచ్చి అని ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టిపోసిన మనిషి.

"అదింకా యాడుందప్పా? ఆయనకంటే ముందే చచ్చిపోయింది."

అతను నమ్మి బైకెక్కాడు. దొడ్డి వెనక బీడులో మేస్తున్న గొర్రెల కాళ్ల మధ్య తెల్లగా ఏదో గెంతుతోంది. పెద్దమ్మ అటు తల తిప్పలేదు. బైకు చప్పుడు పూర్తిగా ఆగేదాకా రోడ్డునే చూస్తూ నిలబడింది.